రూతమ్మ కోసం తెరిచిన తొట్టి

పాత కట్టడాలంటే నాకెంత పిచ్చో ఆత్మకూరులో టీచరుగా చేస్తున్న నా స్నేహితురాలు సునీతకు బాగా తెలుసు. అందుకే శుక్రవారం ఫోన్ చేసి, "ఆదివారం మా రూతమ్మ పెద్దమ్మకు బాప్తిస్మం. ఉదయగిరి రాతి చర్చిలో పాత తొట్టి తెరిచినారు. నీళ్ళు నిలిస్తే లోపలే ఇస్తారు, నిలవకపోతే గండిపాలెం రిజర్వాయరు. ఆ గట్టు దిగేదానికి పెద్దమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. నువ్వు వస్తావా మే?" అంది. ఇది అడగాల్సిన మాటేనా! చర్చి వేదిక కింద దాగిన తొట్టి గురించి వినడమే తప్ప ఏనాడూ చూడలేదు. ఫోన్ పెట్టేసిన మరుక్షణం సంచి సర్దాను.

శనివారం ఉదయం ఆరింటికి నెల్లూరు బస్టాండులో ఉదయగిరి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టిక్కెట్టు ఉచితం కాబట్టి ఖర్చు మాట లేదు, సీటు కోసం మాత్రం కాస్త మోచేతులు వాడాలి. ఆత్మకూరులో సునీత ఇడ్లీ పొట్లంతో ఎక్కింది. అక్కడి నుంచి మెట్ట పొలాలు, కంపచెట్లు, దూరంగా కొండలు. దాదాపు మూడు గంటల్లో ఉదయగిరిలో దిగి, ఆటోవాడిని పిలిచాం. "కోటకేనా మేడం?" అన్నాడు. చర్చికన్నాను. "చర్చిలో చూసేదానికేముండాది? వచ్చినోళ్ళంతా కోట కాడికే పోతారు." "తొట్టి చూస్తాం" అంది సునీత. అతను బండి ఆపినంత పని చేసి వెనక్కి తిరిగాడు. "నీళ్ళు నిలిచినాయంటనా?" ఊరంతా ఇదే ముచ్చట అన్నమాట.

గేటు దాటగానే నేను సునీతను వదిలేసి గోడల వెంట పరుగెత్తాను. సునీత దాన్ని ఇప్పటికీ వింతగా చెప్పుకుంటుంది. పూర్వం మిషన్ దొరలు తమ పల్లెల్లోని చర్చిని తలచుకుని కట్టించినట్టున్నారు: ముందు చతురస్రంగా గంట గోపురం, పొడవాటి హాలు, మొన తేలిన కమాను కిటికీలు, గోడ బయటికి ఒరగకుండా మధ్యమధ్య రాతి దన్నులు. కానీ రాయి ఈ కొండదే, అతికించింది గానుగ సున్నంతో. ఎండకు తట్టుకోలేక కాబోలు, చుట్టూ మన ఇళ్ళకున్నట్టు వసారా దించారు. లోపల అడుగు పెడితే కాళ్ళ కింద కడప రాయి చల్లగా తగిలింది. ఇంగ్లండు పల్లె చర్చిల్లో గుమ్మం పక్కన చిన్న రాతి గిన్నె పెట్టి, అందులోని నీళ్ళు బిడ్డ నెత్తిన చల్లుతారు. ఇక్కడి బాప్తిస్టులు మనిషిని నిలువునా ముంచుతారు. అందుకని వేదిక పలకలు ఎత్తితే కింద నిలువెత్తు తొట్టి, దాన్లోకి దిగే రాతిమెట్లు! నేను బోర్లా పడుకుని మరీ చూశాను.

సంబరం అక్కడే ఆగింది. రాత్రి నింపిన నీళ్ళు సగానికి దిగిపోయాయి. ముందు బెంచీలో రూతమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఈ చర్చిలో పాటలెత్తేది ఆమే అయినా, బాప్తిస్మానికి భర్త ఒప్పుకోలేదట. చనిపోయే ముందు మాత్రం "నీ ఇష్టం" అన్నాడట. పాస్టరుగారు మొహమాటంగానే చెప్పారు: "ఇంకొక్క ట్యాంకరే వస్తుందమ్మా. సాయంత్రానికి నిలవకపోతే రేపు రిజర్వాయరే. దీని మీద టైల్స్ వేసేద్దామని కమిటీ అంటా ఉండాది."

"ఆ గట్టు నేను దిగలేను నాయనా" అంది రూతమ్మ. "ఇంక నాకు బాప్తిస్మం లేదనుకుంటాను."

తొట్టి లోపలి సున్నం పూత ఎక్కడా చిట్లలేదు. నీళ్ళు పోతున్నది అడుగున ఉన్న తూము నుంచి. ఆ రంధ్రం గుండ్రంగా లేదు, బజారులో దొరికే మూతలేవీ పట్టలేదు. దాంతో అంతకుముందే ఊళ్ళో చెక్క గరిటెలు చెక్కే షమీమ్‌తో బిరడా చేయించారు. కబురందుకుని ఆమె ఆకురాయితో సహా వచ్చింది, మెట్లు దిగి బిరడా ఊడదీసింది. మిగిలిన నీళ్ళన్నీ బయటి చెట్లకు పోయాయి. బిరడా అద్దంలా మెరుస్తోంది. వేలితో రుద్ది నాలిక కరుచుకుంది.

"నా మతి మండా. ఉప్పు కాగితంతో రుద్ది నూనె పెట్టేసినాను."

"మంచిదేగా?" అన్నాను.

"గరిటెకు మంచిదక్కా. గరిటె నీళ్ళు తాగకూడదు. బిరడా తాగాల, తాగి ఉబ్బితేనే బిగుస్తాది. చెయ్యి అలవాటు కొద్దీ పోయింది, ఏం చేసేది?"

"పెళ్ళికి గరిటెలు పంపినట్టు పంపినావు గదమ్మే" అని సునీత ఎత్తిపొడిస్తే షమీమ్ కూడా నవ్వింది. వసారాలో కూర్చుని పచ్చి కర్రతో కొత్తది చెక్కింది. నూనె లేదు, నునుపు లేదు. చూడ్డానికి అనాకారిగా ఉంది. ట్యాంకర్ మధ్యాహ్నం వచ్చింది. నీటి అంచున బొగ్గుతో గీత గీసి, భోజనానికి కూడా కదలకుండా కాపలా కాశాను. కాసేపు బుడగలొచ్చాయి, తర్వాత ఆగాయి. చీకటి పడే వేళకు పాస్టరుగారు వంగి చూస్తే నీళ్ళు గీత మీదే ఉన్నాయి. నేను అరిచిన అరుపుకు పైకప్పు దూలాల మీది పావురాలు లేచిపోయాయి.

ఆదివారం తూర్పు కిటికీల ఎండ తొట్టిలో పడుతుండగా రూతమ్మ తెల్లచీరతో రాతిగోడ పట్టుకుని మెట్టు మెట్టుగా దిగింది. పాస్టరుగారు ఆమెను వెనక్కి వాల్చి ముంచి లేపారు. అందరూ పాట అందుకున్నారు. పైకి రమ్మని ఆయన చెయ్యి అందిస్తే ఆమె పట్టుకోలేదు.

"ఉండు నాయనా, ఇన్నేళ్ళు ఆగినాను. కాసేపు నిలబడనీ."

పాట అయిపోయింది, మళ్ళీ మొదలైంది, ఆమె నిలబడే ఉంది. గుమ్మంలో నిలుచున్న షమీమ్ పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేనైతే వెక్కివెక్కి ఏడ్చాను, సిగ్గేమీ లేదు.

పాత కట్టడాన్ని నేనింతకాలం కమానులు చూసి, దూలాలు చూసి మెచ్చుకుంటూ వచ్చాను. అది ఎవరి కోసం కట్టారో, వాళ్ళు దాన్ని వాడుకుంటుండగా చూడటం వేరు. మీరు వెళ్ళదలిస్తే శనివారం పొద్దున వెళ్ళండి. చర్చి కడిగే రోజు కాబట్టి తలుపులన్నీ తీసి ఉంటాయి, వేదిక పలకలు ఎత్తి చూపించమని అడిగితే కాదనరు.