మగవాళ్ళ చాప మీద బియ్యం చీటీ

మా చర్చిలో కుడివైపు చాపలు మగవాళ్ళవి, ఎడమవైపువి ఆడవాళ్ళవి. వన్ టౌన్ సందులోని ఆ చిన్న మందిరంలోనే నేను బైబిలు వాక్యం నేర్చుకున్నాను. ఇప్పుడు అక్కడే ఆదివారం బడిలో పిల్లలకు నేర్పుతున్నాను. యాభై ఏళ్ళు వచ్చేదాకా ఆ చాపల మీద నాకు ఏ అనుమానమూ రాలేదు.

మొన్నటి తుపానుకి మా వీధంతా మూడు రోజులు మందిరంలోనే తలదాచుకుంది. తుపాన్లు ఎక్కువయ్యాక మా సంఘం చాలా నేర్చుకుంది. టార్పాలిన్లు, పెద్ద డేగిశాలు, మేడ మీద గదిలో బియ్యం బస్తాలు అన్నీ సిద్ధం. పంచే పద్ధతి మాత్రం పాతదే. సంఘపెద్ద కుడివైపు చాపల వెంట నడుస్తూ మగవాడికొక బియ్యం చీటీ ఇస్తాడు, అది చూపిస్తేనే బియ్యం. ఒక మగవాడంటే ఒక ఇల్లు. మా చీటీ మా ఆయన చేతికి వచ్చింది.

మా పక్కింటామె ఎండుచేపలు అమ్ముతుంది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆరబెట్టిన చేపంతా వానకి కుళ్ళిపోయింది. ఆ మూడు రోజులూ అందరికీ గంజి కాచింది ఆమే. మసిచేతులతోనే వచ్చి చీటీ అడిగింది.

"మీ ఇంటికి మొగోడెవులమ్మా?" అన్నాడు పెద్ద.

"నానే."

"మరి మీసాలేవే?" అన్నాడు వెనకనుంచి ఒకడు. మగవాళ్ళంతా నవ్వారు.

"నువ్వు తాగిన గంజిలో రాలిపోనాయి."

"మిగిల్తే సూద్దాంలే" అని పెద్ద ముందుకు వెళ్ళిపోయాడు. ఏమీ మిగల్లేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ పంచే భోజనంలో విధవరాళ్ళను మరిచారని బైబిల్లోని తొలి క్రైస్తవ సంఘంలోనే సణుగు పుట్టింది. యేసు శిష్యులైన అపొస్తలులు దాన్ని ఆడవాళ్ళ గోల అని తీసిపారేయలేదు, ఆ పంచే పనికని మనుషుల్నే ఏర్పరిచారు. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో ఈ సంగతి! అయినా ఆ రోజు నేను నోరు విప్పలేదు. మా చీటీ అప్పటికే మా సంచిలో ఉంది మరి.

ఆదివారం రెండో విడత బియ్యం పంపకం. ఆమె తలస్నానం చేసి వచ్చి, తిన్నగా కుడివైపు మొదటి చాప మీద కూర్చుంది.

"అమ్మా, ఇది మొగోల పక్క" అన్నాడు పెద్ద.

"తెలుసు పెద్దయ్యా. బియ్యం ఇటే కదా వత్తన్నాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను లేచి అటు వెళ్ళాను.

"ఏటే ఇది?" అని గొణిగాడు మా ఆయన.

"జరుగు" అని ఆయనకి చెప్పి, ఆమె పక్కన కూర్చున్నాను.

పెద్ద ప్రార్థన ఎత్తుకున్నాడు, ఎన్నడూ లేనంత పొడుగ్గా. నేను కళ్ళు మూసుకోలేదు. అందరూ ఆమెన్ అన్నారు. నేను మాత్రం చీటీ ఆమె చేతిలో పడ్డాకే అన్నాను.