ఖాళీగా కనిపించిన బెంచీలు

2023 చలికాలం, న్యూజిలాండ్. ఆక్లాండ్‌లో బోటనీ డౌన్స్ దగ్గర ఒక షాపింగ్ సెంటర్ కార్ పార్కింగ్‌లో కొంత భాగాన్ని జనం కూర్చునే చోటుగా మార్చే పని మొదలైంది. డిజైన్ ఒక డెన్మార్క్ సంస్థది. వాళ్ల తరఫున ఇక్కడి పనులు చూసే అర్బన్ డిజైనర్‌ని నేను.

వాళ్ల పద్ధతి నాకు మహా ఇష్టం. ముందే గీతలు గీయరు, మనుషుల్ని చూస్తారు. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో గమనించడాన్ని పబ్లిక్ లైఫ్ సర్వే అంటారు. తాత్కాలికంగా బెంచీలు వేసి, జనానికి పనికొస్తేనే పక్కాగా కడతారు.

మా బెంచీల మీద మధ్యాహ్నాలు కూర్చునేది రత్నకుమారి ఆంటీ, ఆవిడ స్నేహితురాళ్లు. అంతా గుంటూరు వైపువాళ్లు, పక్క వృద్ధాశ్రమంలో కేర్‌గివర్లు. పొద్దుటి షిఫ్టంతా నిలబడి పనిచేసి, బస్సు వేళయ్యేదాకా అక్కడ కాళ్లు చాపుకునేవాళ్లు. అంతకుముందు పార్కింగ్ గోడకు ఆనుకుని నిలబడేవారట.

"ఈ బల్లలు తియ్యరుగా బాబూ? మా మోకాళ్లకి పేణం లేచొచ్చింది" అనేది ఆంటీ.

చివరి సర్వేకు సెంటర్ మేనేజర్ కూడా వస్తానన్నాడు. బెంచీలు ఉంచాలో తీసెయ్యాలో తేల్చేది అతనే. ముందురోజే అక్కడ నోటీసు అంటించారు. మర్నాడు వాన తెరిపిచ్చి మంచి ఎండ కాసింది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు, మేనేజరు, నేను ఎదురుగా కాఫీ షాపులో కూర్చున్నాం. బెంచీలు తళతళలాడుతున్నాయి. ఆంటీ వాళ్లలో ఒక్కరూ రాలేదు.

పాత సర్వేల్లో చూసిందంతా ఆర్కిటెక్టు ఓపిగ్గా చెప్పింది. మేనేజర్ వింటేగా!

"అదంతా మీరు చెబుతున్నది. నేను కళ్లతో చూసింది ఇది" అన్నాడు.

కొద్దిరోజుల్లోనే బెంచీలు తీసేసి మళ్లీ కార్లకు గీతలు గీశారు. ఒక మధ్యాహ్నం అటు వెళితే ఆంటీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఆ రోజు మీరెవరూ ఎందుకు రాలేదాంటీ?"

"ఆఫీసర్లు చూడ్డానికి వస్తన్నారని నోటీసేశారు గదయ్యా. మేం కాళ్లు చాపుకుని కూర్చోనుంటే ఏం బాగుంటది? డ్యూటీకి ముందే వచ్చి బల్లలన్నీ తుడిచాం. మధ్యాహ్నం అవతల బస్టాపుకి పోయాం. శుభ్రంగానే ఉన్నాయి గదా?"

"చాలా శుభ్రంగా ఉన్నాయాంటీ" అన్నాను.

ఇన్‌స్పెక్షన్ అంటే బడికి సున్నం వేసి, గేటు ముందు జామకాయలమ్మే ముసలమ్మను పంపించేసిన ఊళ్లోనే నేనూ చదువుకున్నాను. ఆ సంగతి డెన్మార్క్ వాళ్లకు తెలిసే అవకాశం లేదు. నాకు తట్టాల్సింది. తట్టలేదు. ఆ బాధ ఇంకా పోలేదు.

ఇప్పుడు ఏ సర్వే అయినా ముందు అక్కడ కూర్చునేవాళ్ల దగ్గరికి నేనే వెళ్తాను. "రోజూలాగే రండి. మేం చూడ్డానికి వచ్చేది మిమ్మల్నే" అని చెబుతాను.

ఆ మాట అందరికంటే ముందు వినాల్సిన ఆంటీ ఇప్పటికీ ఆ గోడ దగ్గరే నిలబడుతోంది.