కోదాడ లాడ్జిలో కొత్త రిజిస్టరు

ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఎనభైల చివర్లో నేను కోదాడ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గుమాస్తాను. ఒక పొద్దున ఇద్దరు వచ్చి గది అడిగారు. ఒకతను మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ. రెండోవాడు తానూ హమాలీనే అన్నాడు. అలవాటు కొద్దీ ఇద్దరి పేర్లూ రిజిస్టరులో రాశాను. సాయంత్రం మరో ముగ్గురు వచ్చాకగానీ ఆ రెండోవాడు పోలీసని తెలియలేదు. మిల్లు గోదాము తగలబడ్డ కేసు కోసం మూడు నెలలు అక్కడ బస్తాలు మోసి, స్నేహం చేసి, మంచి పని ఇప్పిస్తానని అతన్ని తీసుకొచ్చాడట.

మిల్లు గోదాము తగలబెట్టింది తానేనని ఒప్పుకునేదాకా నాలుగు రోజులు కొట్టారు. నేను కింద కౌంటరులో రేడియో గొంతు పెంచేవాణ్ని.

తన మనిషిని పోలీసులు దాచారని అతని భార్య హైకోర్టులో హేబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. నిన్ననే సూర్యాపేట బస్టాండులో పట్టుకున్నామని, తనంతట తానే ఒప్పుకున్నాడని పోలీసులు చెప్పారు. భయంతో అతను మెజిస్ట్రేటు ముందు కూడా అదే చెప్పాడు. అది అబద్ధమని తేల్చడానికి మిగిలింది మా రిజిస్టరు ఒక్కటే.

ఎస్సై కొత్త రిజిస్టరు తెచ్చి నా ముందు పడేశాడు. ఆ నెల పేర్లన్నీ మళ్లీ రాశాను, ఆ రెండూ తప్ప. రోజుకో సిరా మార్చాను. కొన్ని సంతకాలు ఎడమ చేత్తో పెట్టాను. ఆ తెలివి నాకెవరు నేర్పారు? ఎస్సై రాయమన్నాడు అంతే, అంత బాగా రాయమనలేదు. భయపడి చేశానని ఇన్నాళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను గానీ, భయపడ్డవాడి చెయ్యి వణకాలి కదా, నాది వణకలేదు.

తర్వాత అతని భార్య వకీలును వెంటబెట్టుకుని వచ్చింది. వకీలు రిజిస్టరు తిరగేసి, పెదవి విరిచి బయటికి నడిచాడు. ఆమె కదల్లేదు.

“అన్నా, మా ఆయనను గీడనే ఉంచిండ్రట. లారీ డ్రైవర్ చెప్పిండు. నువ్వు సూసినవా?”

“లేదమ్మా. ఆ పేరుతో ఎవరూ రాలేదు.”

“నీ పిల్లల మీద ఒట్టేసి చెప్తవా?”

ఒట్టేశాను.

పిటిషన్ కొట్టేశారు. ఒప్పుకోలు నిలబడింది. అతనికి ఏడేళ్ల శిక్ష పడింది.

నా పిల్లలకేమీ కాలేదు. చల్లగా ఉన్నారు. ఇప్పటికీ వాళ్లలో ఎవరికి జ్వరమొచ్చినా నాకు ముద్ద దిగదు. తగ్గగానే సిగ్గేస్తుంది. శిక్ష కోసం ఎదురుచూస్తున్నానా, తప్పించుకున్నందుకు సంతోషిస్తున్నానా? నాకే తెలియదు.

క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు. ఒక్క మాట చెప్పేస్తే ఊపిరి ఆడుతుంది, అంతే. అతను నాలుగు రోజులూ మా లాడ్జిలోనే ఉన్నాడు. నేను చూశాను.