తాళం వేసిన పెట్టెలోని దుడ్డె

నా చిన్నప్పుడు మా ఊరికి తెల్లవారిందని చెప్పడానికి కోడి ఒకటి, నా ఏడుపు ఒకటి ఉండేవి. కోడి ఒకసారి కూసి ఊరుకునేది. నేను ఊరుకునేదాన్ని కాదు. బాలవాడికి, అంటే చిన్నపిల్లల బడికి, పంపుతారని తెలిసిన నాటి నుంచి ఏడుపులో ఏడు రకాలు నేర్చుకున్నాను. ఎవరైనా ‘ఊరుకో’ అంటే ఊరంతా ఉరికేదాన్ని.

మాది మొయినాబాద్ నుంచి చేవెళ్లకు పోయే రోడ్డుకు లోపలగా, సురంగల్ దగ్గర్లో చిన్న ఊరు. మా అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. బాపు పట్నంలో పనిచేస్తూ వారానికి ఒకసారి వచ్చేవాడు. అవ్వ ఊరి పటేలు తోటలో టమాటలు తెంపే కూలికి పోయేది. నన్ను చూసుకునే మనిషి లేక పొద్దున్నే బాలవాడిలో దింపి పోయేది. నేను ఉప్మా పెట్టేదాకా బుద్ధిగా ఉండి, తిన్నాక చేయి కడుక్కునే వంకతో బయటపడి, అటు నుంచి అటే తోటకు పరుగు తీసేదాన్ని. నన్ను చంకనేసుకుని తెంపితే అవ్వ గంప సగమే నిండేది.

ఒకరోజు పటేలు అది చూశాడు. “పిల్లను జూసుకుంటవా, టమాటలు తెంపుతవా? ఏదన్న ఒకటి జెప్పు,” అన్నాడు.

ఇంటికి వచ్చే దారిలో అవ్వ నన్ను కోప్పడలేదు. అందుకే నాకు భయమేసింది. “రేపు గిట్ల మల్ల ఉరికొస్తే నా కూలి పోతది బిడ్డా. ఇగ నిన్ను షాబాద్‌ల మీ అమ్మమ్మ కాడ ఇడిచిపెట్టుడే,” అని మాత్రం అన్నది. షాబాద్ ఎంత దూరమో నాకు తెలియదు. అవ్వ ఉండని ఊరు ఎంత దగ్గరున్నా దూరమే కదా.

మా బాలవాడి ఊరి చర్చి పక్క గదిలో నడిచేది. ఆదివారం పెద్దవాళ్లు ప్రార్థనకు కూర్చున్న చాపల మీదే సోమవారం మేం కూర్చునేవాళ్లం. మమ్మల్ని చూసుకునే మనిషిని అందరం బాలవాడి అక్క అనేవాళ్లం. ఆమెకు ఇరవై ఏళ్లు ఉంటాయేమో. బాలలం మేమైతే, వాడి అంతా అక్క మాటల్లో ఉండేది. ఆ గదిలో ఉన్న ఆస్తల్లా ఒక నల్లబల్ల, ఒక ఇనుప పెట్టె. పెట్టె నిండా పట్నం నుంచి వచ్చిన ఆటబొమ్మలు ఉన్నాయని చెప్పేవారు. మేం మాత్రం తాళమే చూశాం. ఆఫీసర్లు వచ్చి చూసేలోగా ఒక్క బొమ్మ విరిగినా ఊరి పరువు పోతుందని పటేలు భయం. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. వారానికోసారి వచ్చి తాళం లాగి చూసి పోయేవాడు. పెట్టె పెద్దదే గానీ మాకు పెట్టింది మాత్రం ఏమీ లేదు.

అవ్వ ఆ మాట చెప్పిన మర్నాడు నేను పాత పద్ధతిలోనే గుమ్మం పక్కన కూర్చున్నాను. షాబాద్ భయం ఉన్నది, కానీ కాళ్లు దాని మాట వినేలా లేవు. అక్క నన్ను ఒకసారి చూసింది. అవ్వ పొద్దున ఆమెకు అంతా చెప్పే పోయిందని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

అక్క పోయి పెట్టెకు చెవి ఆనించింది. “అరె, లోపల ఏదో మెసులుతున్నది,” అన్నది. తర్వాత చిటికెన వేలిని తాళంలో పెట్టి తిప్పినట్టు తిప్పి, రాని మూతను రెండు చేతులతో పైకెత్తింది. అది కిర్రుమన్నట్టు నోటితోనే చప్పుడు చేసింది. ఇక ఒక్కొక్కరిని పిలిచి చేతిలో ఒక్కొక్కటి పెట్టసాగింది. తేలికవి రెండు వేళ్లతో, బరువైనవి నడుము వంచి తీసింది. ఏమిస్తున్నదో మాత్రం చెప్పదు. “నేను కండ్లు మూసుకొని తీసిన. అదేందో మీరే జూసి జెప్పాలె,” అంటుంది. ఒకడికి రైలు దొరికింది. ఒకతె చేతిలో వాన ఉన్నదని మొహం తుడుచుకున్నది.

నా వంతు వచ్చింది. అక్క ఆయాసపడుతూ ఏదో మోసుకొచ్చి, రెండు చేతులు చాపమన్నది. నేను అప్పటికే లోకం తెలిసిన దాన్ని. “ఇందుల ఏం లేదు,” అని చేతులు దులిపేశాను.

“అయ్యో, కింద పడేస్తివి గదనే! నిద్రల ఉండె పాపం!”

ఆమె గొంతులో ఎంత బాధ ఉన్నదంటే నేను నిజంగానే కిందికి చూశాను. పక్కింట్లో బర్రె ఈనిన వారం అది. ఆ దూడను, అంటే దుడ్డెను, ముట్టుకోనివ్వమని ఎంత బతిమాలినా వాళ్లు నన్ను దగ్గరికి రానివ్వలేదు. నా నోట్లోంచి “దుడ్డె” అని వచ్చేసింది. అక్క దాని ఒళ్లు దులిపి నా ఒడిలో పెట్టింది. “దీనికి తల్లి దగ్గర లేదు. నువ్వు పోతే ఎవలు జూస్తరు?” అన్నది.

ఆ ఒక్క ప్రశ్న నన్ను కట్టేసింది. ఉప్మా వచ్చింది. అందులో సగం దుడ్డెకు పెట్టాను, అంటే దాని పేరు చెప్పి నేనే తిన్నాను. చేయి కడుక్కోవడానికి బయటికి పోయి మళ్లీ లోపలికి వచ్చాను. నా జన్మలో అలా రావడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే పటేలు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఎటూ చూడకుండా తిన్నగా పెట్టె దగ్గరికి నడిచాడు. దారిలోనే నా దుడ్డె పడుకుని ఉన్నది.

“పటేలా! నా దుడ్డెను తొక్కినవ్!”

అక్క మొహంలో రంగు లేదు. ఆ ఊళ్లో పెద్దవాళ్లే ఆయనతో అలా మాట్లాడరు. పైగా మా అవ్వ కూలి ఆయన చేతిలో ఉన్నది. పటేలు నన్ను చూశాడు, అక్కను చూశాడు, చివరికి తన కాలి కింద చూసుకున్నాడు.

తర్వాత మెల్లగా, ఎక్కడ మళ్లీ తగులుతుందో అన్నంత మెల్లగా, కాలు పక్కకు తీశాడు.

“యాడ తాకింది?” అన్నాడు.

“ముందటి కాలుకు.”

ఆయన గొంతుక్కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచి పశువుల మధ్య పెరిగిన మనిషి. కాలు ఎక్కడుంటుందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. గాలిలో మోకాలు ఒత్తి చూసి, “ఇరగలేదు. జర పసుపు బెట్టు,” అన్నాడు. లేస్తూ “ఎవలి బిడ్డవే నువ్వు?” అని అడిగాడు. నేను మా అవ్వ పేరు చెప్పాను, గొంతు దానంతటదే తగ్గిపోయింది.

“ఓ, ఉరికొచ్చే పిల్లవా? జూడు, ఈ దుడ్డెను తోలుకొని తోటకు మాత్రం రాకు. నా టమాటలన్ని మేస్తది. దీన్ని బట్టుకొని ఈడనే ఉండు.”

పోతూ పోతూ మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అక్క చేతిలో పెట్టాడు. “పోరగాండ్లను ఆడుకోనియ్యి. ఆఫీసర్లొస్తే నేను జెప్త,” అన్నాడు.

సాయంత్రం అవ్వ నిండు గంపల ముచ్చట చెప్పుకుంటూ వస్తే, దుడ్డెను విడిచి ఇంటికి రానని నేను ఏడ్చాను. అది ఎనిమిదో రకం ఏడుపు.

పెట్టెలో ఏమున్నాయంటారా? చెక్క ఉంగరాలు, గుడ్డబొమ్మ, మూడు కాళ్ల గుర్రం. అబద్ధం ఎందుకు, వాటి కోసం వారం రోజులు గోళ్లతో రక్కుకున్నాం. ఆ తర్వాత మళ్లీ అక్క చిటికెన వేలి పెట్టెకే వచ్చాం. దాంట్లో అందరికీ అందేది.

పెద్దయ్యాక నేను కూడా అంగన్‌వాడీ టీచర్‌నయ్యాను. బాలవాడి నుంచి పారిపోయిన పిల్ల అంగన్‌వాడీలోనే తలనెరిసింది. శిక్షణ తరగతుల్లో పిల్లలకు ఊహాశక్తి ఎలా ఇవ్వాలో ఎన్నోసార్లు చెప్పారు. రాసుకున్నాను, పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. కానీ పిల్లలు అది ఇంటి నుంచే తెచ్చుకుంటారని నాకు ముందే తెలుసు. మనం చేయవలసింది కండ్లు మూసుకుని ఒకటి తీసి ఇచ్చి, ‘ఇదేంది?’ అని అడగడం. వాళ్లు చెప్పింది మన కాలి కింద పడితే కాలు తీయడం. అక్క నాకు మొదటిది నేర్పింది. రెండోది నేర్పినవాడు తాను నేర్పానని తెలియకుండానే పోయాడు.

మొన్న మొయినాబాద్‌లో మా మనవరాలి కిండర్‌గార్టెన్‌కు పోయాను. గోడల నిండా రంగులు, అరల నిండా బొమ్మలు, దేనికీ తాళం లేదు. తలుపు దగ్గర ఒక పిల్లవాడు వట్టి నేల మీద చేతులు తిప్పుతున్నాడు. వాళ్ల టీచర్, ఆ అమ్మాయికి అప్పటి మా బాలవాడి అక్క వయసే ఉంటుంది, “అమ్మా, పర్వాలేదు, లోపలికి రండి,” అన్నది.

నేను లోపలికి పోలేదు. ఎత్తిన కాలు గాలిలోనే ఆపి, తలుపు పట్టుకుని అడిగాను: “పోవచ్చునా బిడ్డా?”

వాడు తల ఎత్తకుండానే అన్నాడు: “జర ఆగు అవ్వా, లారీ రివర్స్ అయితున్నది.”

నా మోకాలు బాగుండదు. అయినా లారీ పూర్తిగా వెనక్కి పోయి, వాడు చెయ్యి ఊపేదాకా ఒంటికాలి మీదే నిలబడ్డాను.