అడ్జస్ట్ అన్న మాట

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర, చదరంగంలో ఒక్క ఓపెనింగ్ పేరు తెలిస్తే ఆట మొత్తం వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. నాకు తెలిసింది ఇటాలియన్ ఒక్కటే: రాజు ముందరి బంటు, గుర్రం, ఆపైన బిషప్. (నాలుగో ఎత్తు నుంచి దేవుడి దయ.) దాంతోనే కృష్ణగిరి టోర్నమెంటు గెలిచానని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాను. అది అబద్ధం.

ఆ పొద్దున హోసూరులో బస్సెక్కితే ఒక్క సీటూ ఖాళీ లేదు. కిటికీ పక్కనున్న ఒకాయనతో "కొంచెం అడ్జస్ట్ చేసుకోన్నా" అన్నాను. (మా వైపు ఆ ఒక్క మాటతో ముగ్గురి సీటులో ఐదుగురు పడతారు.) ఆయన సంతోషంగా జరిగాడు. జవళగిరిలో గొర్రెలు మేపుకుంటాడట, ఆయనా టోర్నమెంటుకే. "గెలిస్తే జిల్లా టీములో మద్రాసుకు పంపిస్తారంట గదప్పా. నేను సముద్రం చూడనే లేదు" అన్నాడు.

సాయంత్రం చివరి ఆటలో మేమిద్దరమే ఎదురెదురుగా కూర్చున్నాం. మూడో ఎత్తులో బిషప్‌ను తీయబోయి, కంగారులో పక్కనున్న రాజును పట్టుకున్నాను.

"రాజును ముట్టినావు, రాజునే నడపల్లప్పా" అని ఆయన నవ్వాడు.

నడిపితే రాజు దిక్కులేకుండా నడివీధిలో నిలబడతాడు. నేనేమో నేను పనిచేసే మూకండపల్లి ఫ్యాక్టరీలో అందరికీ గెలుపు ముందే చాటి వచ్చినవాణ్ణి. "పావును సరిగ్గా పెట్టడానికే ముట్టినాను. అడ్జస్ట్ అని ముందే చెప్పినాను" అని బొంకాను. అలా చెప్పి ముడితే నడపనక్కర్లేదని రూలు. రెఫరీ వచ్చి, "అడ్జస్ట్ సొన్నారా?" అని ఆయనను తమిళంలో అడిగాడు.

"చెప్పినాడు సార్. మర్యాదగానే చెప్పినాడు."

ఆయన చెబుతున్నది బస్సు సంగతని నాకు తెలుసు. తెలిసీ తలవంచుకుని బిషప్‌ను జరిపాను. గెలిచాను.

బయట టీ తాగుతూ ఆయన అడిగాడు: "పొద్దున బస్సులో జరగమన్నావు గదా, దాన్ని ఆ సార్ ఎందుకప్పా అడిగినాడు?"

అప్పుడైనా నాకు నోరు రావాల్సింది. "ఊరికే అన్నా" అన్నాను.

"పోనీలే. సముద్రం యాడికి పోతాది, ఆడనే ఉంటాది. నువ్వు చూసొచ్చి చెప్పు."

మద్రాసులో మొదటి ఆటలోనే ఓడిపోయాను. (దేవుడు దయ చూపలేదు.) రెండు రోజులు ఖాళీగా ఉన్నా సముద్రం వైపు పోలేదు. చూసొచ్చి ఆయనకు ఏ ముఖంతో చెప్పను? ఆయన మళ్లీ నాకు కనబడలేదు.

ఇప్పటికీ బస్సులో ఎవరైనా "కొంచెం అడ్జస్ట్" అంటే, లేచి సీటు మొత్తం ఇచ్చేస్తాను. "ఎంత మంచోడప్పా!" అంటారు వెనకనుంచి. కడ్డీ పట్టుకుని నిలబడి, నాలో నేనే నవ్వుకుంటాను.