నలుసులు తినే చేప

మా ఇంట్లో మూడేళ్ళు కూరల్లో ఉప్పు లేదు. తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాక డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు, నీళ్ళు కొలిచి తాగమన్నాడు. వాడొక్కడికే వేరుగా వండి పెట్టడానికి అమ్మకు మనసొప్పలేదు. దాంతో ముగ్గురం చప్పిడి కూడే తిన్నాం. అలాంటి ఇంటికి ఉప్పు బస్తాల్లో వచ్చేది. అది చేప కోసం.

షాద్‌నగర్‌లో మాది రెండు గదుల కిరాయి ఇల్లు. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. తమ్ముడు ఒంట్లో బాగున్న రోజుల్లో హైదరాబాద్ హోటళ్ళలో, ఆఫీసుల్లో అద్దాల తొట్లు కడిగి చేపలను చూసుకునేవాడు. రోజు విడిచి రోజు డయాలసిస్ మొదలయ్యాక ఆ పని పోయింది. చివరిసారి తనను పనికి పంపే చేపల దుకాణానికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక సముద్రపు చేప తిండి ముట్టక ఎండిపోతోందట. ఎలాగూ చచ్చేదే, తీసుకుపొమ్మన్నాడు ఓనరు. ఒక పాత తొట్టి కూడా ఇచ్చాడు. చేప వేలెడంత ఉంటుంది. నీలం మీద నారింజ చారలు, పెళ్ళిపట్టు చీరలాగా. పొట్ట మాత్రం వీపుకు అంటుకుపోయి ఉంది.

పొడి తిండి వేస్తే అటువైపు చూసేది కాదు. రొయ్య ముక్కలు వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేసేది. దానికి బతికి ఉన్నది కావాలి, కదిలేది కావాలి, అదీ కంటికి ఆనీ ఆననంత చిన్నదై ఉండాలి. సముద్రపు నీళ్ళలో అలాంటి పురుగులు ఉంటాయి. వాటికేదో పెద్ద ఇంగ్లీషు పేరుంది, మేం మాత్రం నలుసులు అనేవాళ్ళం. తమ్ముడు రెండు ప్లాస్టిక్ డ్రమ్ముల్లో ఉప్పునీళ్ళు కలిపి, కిటికీ పక్కన ఎండ తగిలేచోట పెట్టి, పాచి పట్టించి వాటిని పెంచాడు. నీళ్ళు పచ్చగా ఉండేవి. వంగి చూస్తే లోపల దుమ్ము కదులుతున్నట్టు అనిపించేది. పూటపూటకూ ఆ నీళ్ళను సన్నటి గుడ్డలో వడకట్టి, గుడ్డను తొట్టిలో జాడించేవాడు. చేప రాళ్ళ మీద గెంతుతూ ఒక్కొక్క నలుసునూ ఏరుకుని తినేది.

దానికి నేను నవాబు అని పేరు పెట్టాను. కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు ఉండవు, నవాబుగారి భోజనం అయిందా అని డ్యూటీ నుంచి రాగానే వెక్కిరించేదాన్ని. సగం వెక్కిరింత, సగం మంట. పగలంతా నిలబడి కాళ్ళు వాచి ఇల్లు చేరితే, మోకాళ్ళు వంగని మా అమ్మ గోడ పట్టుకుని పురుగుల నీళ్ళు వడకడుతూ కనిపించేది. డయాలసిస్ అయి వచ్చిన రోజు తమ్ముడు చెయ్యి ఎత్తలేకపోయేవాడు మరి. తొట్టి ముందు చాపేసుకుని పడుకుని, చేప నలుసును అందుకున్నప్పుడల్లా తానూ నోరు తెరిచేవాడు, పసిపిల్లలకు తినిపించే తల్లుల్లాగా. అది చూశాక నా మంట కాస్త చల్లారేది.

నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూడటానికి వాడి దగ్గర గాజుగొట్టం ఉండేది. అయినా వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు. అమ్మ చూసి తిట్టేది. ఒకసారి వాడు నవ్వి, "నా నాలుకకు గింతన్న పని ఉండాలె గదనే అమ్మా," అన్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మది మర్రిగూడ పక్క ఊరు. నాన్న పోయేదాకా అక్కడే ఉన్నాం. ఆ ఫ్లోరైడ్ బోరునీళ్ళకే ఆమె కాళ్ళు వంకర పోయాయి. కొడుక్కి తన కిడ్నీ ఇస్తానని పట్టుబట్టి పరీక్షలన్నీ చేయించుకుంది. పనికిరాదన్నారు. ఆ మాట వాడికి చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. వాడు నీరసపడినప్పుడల్లా పక్కన కూర్చుని, "వచ్చే నెల నాది నీకు పెడ్తరంట కొడుకా," అనేది. గొంతులో ఎక్కడా వణుకు ఉండేది కాదు. వాడు తలూపేవాడు. నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

వానాకాలంలో, దవాఖానలో మిషను మీద ఉండగానే వాడి గుండె ఆగిపోయింది. ఇంటి ఓనరమ్మకు ఫోన్ చేశాను. కిరాయి ఇంట్లోకి శవాన్ని రానివ్వరని తెలుసు, ఆమె కూడా మెత్తగా అదే చెప్పింది. వాణ్ణి అటునుంచి అటే ఊరికి తీసుకుపోయాం. తాళంచెవి ఆమె దగ్గర ఒకటి ఉంటుంది. తొట్టి మోటరు మాత్రం ఆపకండి అని చెప్పాను. ఇంటి ఫికరు పెట్టుకోకు బిడ్డా, నేను చూసుకుంటా అంది.

మూడో రోజు పిట్టకు పెట్టారు. మా వైపు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, మట్టి చేసిన చోట విస్తట్లో పెట్టి దూరం జరుగుతారు. కాకి వచ్చి ముడితే వాళ్ళ మనసు తీరినట్టు. ముట్టకపోతే వాళ్ళకు ఇంకా ఏదో బెంగ ఉన్నట్టు. అదేమిటో ఊహించి, మేం చూసుకుంటాం అని పైకి మాటివ్వాలి. అమ్మ ఆ రోజు ఉప్పు వేసి మాంసం వండింది. మామిడికాయ తొక్కు పెట్టింది, పచ్చిచేపల పులుసు పెట్టింది. మూడేళ్ళూ చేతులారా ఆపినవన్నీ ఆ ఆకులో ఉన్నాయి.

కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి గాని దిగలేదు. మీ అమ్మను మేం చూసుకుంటాం అన్నాడు చిన్నాయన. దిగలేదు. మీ అక్క పెళ్ళి చేస్తాం అన్నారెవరో. దిగలేదు. ఎండ ముదిరింది. అమ్మ అలాగే మట్టిలో కూర్చుని ఆకువైపు చూస్తోంది. వాడు చచ్చి కూడా ఆకలితోనే ఉన్నాడని ఆమె ముఖంలో రాసినట్టు ఉంది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కాకి ఆకలేస్తే వస్తుంది, లేకపోతే లేదు అనే మనిషిని. కానీ అమ్మను చూడలేక ముందుకు పోయాను.

"నీ చేపను నేను సాదుతరా. నలుసులు నేనే పెంచుత. దాన్ని చావనియ్య. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను.

వెనక్కి రెండడుగులు వేశానో లేదో కాకి దిగింది. మూడు రోజుల్లో అమ్మ గట్టిగా ఏడవడం అదే మొదలు.

ఆ సాయంత్రమే బస్సెక్కి షాద్‌నగర్ వచ్చాను. తలుపు తీస్తే పసుపు వాసన. గచ్చు తళతళలాడుతోంది. డ్రమ్ములు రెండూ శుభ్రంగా కడిగి, వాకిట్లో బోర్లించి ఉన్నాయి. ఓనరమ్మ వచ్చింది. పనిమనిషికి చెప్పకుండా తానే చేసిందట.

"సావైన ఇంట్ల నీళ్ళు నిలువ ఉండొద్దు గద బిడ్డా. అన్నీ పారవోసిన. చేప పాణమున్నది గదాని తొట్టి మాత్రం ముట్టలే," అంది.

ఆమెను పట్టుకుని అరవాలనిపించింది. ఏమని అరవను? అదే రోజుల్లో ఊళ్ళో చిన్నాయన ఇంట్లో కడవలన్నీ వంచి పారబోసింది నేనే. శవం ఈ గడప దాటి లోపలికి రాలేదు కాబట్టి ఇక్కడికి మైల రాదనుకున్నాను. ఆ ఆచారం ఇంత దూరం వస్తుందని నాకు తట్టలేదు. ఆమె చేతులు సోడాకు పగిలి ఉన్నాయి. మంచిపని చేశావమ్మా అన్నాను, పళ్ళు కొరుక్కుంటూ.

మర్నాడు హైదరాబాద్ పోయి దుకాణంలో నలుసుల సీసా ఒకటి తెచ్చాను. సగం డ్రమ్ములో పోశాను, సగం చేపకు పెట్టాను. డ్రమ్ములో నీళ్ళు పచ్చబడాలి, నలుసులు పిల్లలు పెట్టాలి, దానికి వారాలు పడుతుంది. చేపకు వారాలు లేవు. తొట్టిలో ఉన్నవి ఏరుకుని తినేసి, ఉత్త రాళ్ళను పొడుచుకుంటూ తిరిగింది. మళ్ళీ సీసా తెచ్చాను. అదీ రెండు పూటల ముచ్చటే అయింది. మూడో సీసాకు చేతిలో డబ్బుల్లేవు. మోరీ పక్కన డబ్బాలో దోమపిల్లలు కదులుతుంటే పట్టి వేశాను. దగ్గరికొచ్చి, నోట్లో పెట్టుకుని, ఉమ్మేసింది. "తినవే నవాబూ, తినవే," అని అద్దానికి ముఖం ఆనించి బతిమాలాను. పొట్ట మళ్ళీ వీపుకు అంటుకుంది, తలకాయ పెద్దదిగా కనిపించసాగింది. రంగులు మాత్రం తగ్గలేదు. ఒక పొద్దున రాయి మొదట్లో పక్కకు ఒరిగి ఉంది. వడకట్టే గుడ్డలోనే చుట్టి గోడ పక్కన పాతిపెట్టాను. తమ్ముడి కోసం దవాఖానలో రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

అమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది. రోజూ ఫోన్ చేసి ముందు అడిగేది చేప తిన్నదా అనే. ఆ మాట ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. నెల మాసికానికి ఊరికి పోయిన రోజు, పొయ్యి దగ్గర ఆమె బియ్యం ఏరుతుండగా చెప్పేశాను, డ్రమ్ముల సంగతితో సహా. ఆమె చేతులు ఆగలేదు. బియ్యం ఏరడం అయ్యాక, ఎవరికీ చెప్పకు అంది. తర్వాత పిడికిట్లో ఉప్పు తీసి కూరలో వేసింది.

విస్తరి పెట్టి దూరం జరిగాం. కాకులు తీగ మీద ఉన్నాయి. దిగలేదు. చిన్నాయన ఏదో చెప్పబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వంకర కాళ్ళ మీద ఊగుతూ ఆకు దగ్గరికి ఒక్కతే పోయింది.

"చేప మంచిగున్నది కొడుకా. మీ అక్క మంచిగ చూస్తాంది. పొద్దుగాల గూడ తిన్నది," అంది.

గొంతులో ఎక్కడా వణుకు లేదు. వచ్చే నెల నాది నీకు పెడ్తరంట అని చెప్పిన గొంతే అది.

కాకి దిగి మాంసం ముక్క ఎత్తుకుంది. ముట్టింది, ముట్టింది అన్నారు అందరూ. అమ్మ వెనక్కి వచ్చి, నా ముఖం చూడకుండా నా చెయ్యి పట్టుకుంది. ఆమె అరచేతికి ఇంకా ఉప్పు అంటుకునే ఉంది.