నాయన మర్యాదగా మాట్లాడితే

ఆత్మకూరులో షుగరు డాక్టరు మా అమ్మను అడిగాడు. "పెద్దాయనకు షుగరు పడిపోయేటప్పుడు మీకెట్లా తెలుస్తాదమ్మా? చెమట్లు పడతాయా? చిరాకు పడతాడా?"

"చిరాకు పడితే బాగున్నట్టే సార్," అంది అమ్మ. "మర్యాదగా మాట్లాడితేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు."

నిజమే. మా నాయన పలకరింపే తిట్టుతో మొదలవుతుంది. ఉదయగిరి పక్కన మా ఊళ్లో ఆయన చేత తిట్టు తినని మనిషంటే ఊరికి కొత్తగా వచ్చినవాడే. అలాంటివాడు ఇన్సులిన్ వేసుకున్నాక తిండి ఆలస్యమైతే చాలు, వెన్నలా కరిగిపోతాడు. అమ్మను "కాసిని మంచినీళ్లు ఇస్తారా" అని అడుగుతాడు. ఒకసారి నిమ్మతోటలో కూలీలతో "పాపం, ఎండగా ఉండాది, ఇళ్లకు పోండి" అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్నాక ఇంకెవరుంటారు? మనసు మారేలోపు అందరూ వెళ్లిపోయారు. ఆయనొక్కడే తోటలో స్పృహ తప్పి పడిపోయాడు. చెట్టు పాదులో పడున్న మనిషిని చూసినప్పటి భయం నాకింకా పోలేదు.

ఆ తర్వాతే చేతికి సెన్సరు పెట్టించాం. అది షుగరు లెక్కను నా ఫోనుకు పంపుతుంది. ఫోనులో ఉన్నది మెషిన్ లెర్నింగ్ అట. ఆయన తిండి, సూది, నడక అన్నీ గమనించి నేర్చుకుని, షుగరు పడిపోకముందే మోగుతుంది. కాకపోతే ఏం తిన్నాడో దానికి నిజం చెప్పాలి. నాయన రెండు ముద్దల సంగటి తిని ఒకటేనని రాయించేవాడు. పాపం, అది మొదట్లో వేళాపాళా లేకుండా మోగింది.

"కొత్త కోడలు లాంటిది. ఈ మనిషి అబద్ధాలకు అలవాటు పడాల గదా," అని అమ్మ దాన్ని వెనకేసుకొచ్చింది. మెల్లగా అలవాటు పడింది.

మా తోట వెనక చిన్నాయన చేను ఉంది. ట్రాక్టరు పోవడానికి మా గట్టు వెంబడి దారి కావాలని ఏళ్లుగా అడుగుతున్నాడు. నాయన ఏళ్లుగా తిడుతున్నాడు. ఆరోజు నాయన సూది వేసుకుని అన్నానికి కూర్చునే వేళకు చిన్నాయన చిన్నమ్మను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. నాయన తిట్లు మంచి ఊపులో ఉండగా ఫోను మోగింది.

"ఇరవై నిమిషాల్లో పడిపోతాదంట. కొంచెం తిను నాయనా," అన్నాను.

"ఇంకా రానిదానికి ఇప్పుడు తినేదేందిరా? ఈ పంచాయితీ తేలిందాకా ముద్ద ముట్టను."

బెల్లం తెచ్చి ఇస్తే నా చెయ్యి తోసేశాడు. చిన్నాయన ఇక లాభం లేదని లేవబోయాడు. చిన్నమ్మ ఆయన పంచె పట్టి కూర్చోబెట్టింది.

"యాడికి పోయేది? ఇరవై నిమిషాలు కూర్చో," అంది మెల్లగా.

నాయన మర్యాద సంగతి చుట్టాలందరికీ తెలుసు. ఆ మాట విని నాకు ఒళ్లు మండింది. కానీ చిన్నమ్మతో పోట్లాడే తీరిక ఎక్కడిది? బెల్లం ముక్క పట్టుకుని నాయన చుట్టూ తిరగడమే సరిపోయింది.

కాసేపటికి తిట్లు పల్చబడ్డాయి. 'ఎదవ' కాస్తా 'తమ్ముడు' అయ్యాడు. తర్వాత నాయన నుదుటి చెమట తుడుచుకుని చల్లగా నవ్వాడు.

"దారే కదండీ. మీకెంత కావాలో అంత తీసుకోండి."

"అందురూ విన్నారు గదా! సరేనను," అని చిన్నమ్మ మొగుణ్ణి పొడిచింది.

చిన్నాయన సరేననలేదు. నా చేతిలో బెల్లం లాక్కుని, అన్న దవడ పట్టుకుని నోట్లో కుక్కాడు. "నములన్నా, నములు" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఫోనులో షుగరు చూపించే బాణం పైకి తిరిగింది. ఇంకాసేపటికి నాయన మీసాలు తడుముకుని, "నా మూతికి బెల్లం పూసినోడెవుడ్రా!" అని అరిచాడు. ఆ అరుపుతో మాకు ప్రాణం లేచొచ్చింది.

"నేను దారిస్తానన్నానా?" అని అడిగాడు.

చిన్నమ్మ నోరు తెరవబోయింది. చిన్నాయన ఆమెను మాట్లాడనివ్వలేదు.

"లేదన్నా. ఎప్పట్లానే తిట్టినావు."

నాయన తమ్ముడి ఎర్రబడ్డ కళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

"తిట్టినానా? సరే. ట్రాక్టరు పట్టేంత తీసుకోరా."

"అయ్యో, మళ్లీ పడిపోతా ఉండాది! ఇంకో ముక్క బెల్లం తే!" అని అమ్మ కేక పెట్టింది.

నేను ఫోను చూశాను. నూట ముప్పై. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. నిక్షేపంగా ఉండే ఇచ్చాడు.